పార్లమెంటు చట్టం చేస్తున్నదా? ముద్ర వేస్తున్నదా?

(బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మా ఊరి కాలువ వెడల్పు చేసినప్పుడు మా తాతగారి పొలంలో ముప్పావు ఎకరం పోయింది. "నోటీసు వచ్చింది, వేలిముద్ర వేశాం, ఇచ్చింది పుచ్చుకున్నాం" అని మా నాన్న ఇప్పటికీ చెబుతుంటాడు. ఆ నోటీసు ఏ చట్టం కిందిదో ఆనాడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అది 1894 నాటి భూసేకరణ చట్టం. మన ఓటుతో గెలిచిన సభ అంటూ లేని రోజుల్లో తెల్లదొరలు చేసినది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా 60 ఏళ్ళకు పైగా మన పొలాల తలరాత రాసింది అదే.

నేను చదివేది రసాయన శాస్త్రం. రాజనీతి శాస్త్రం నాకు పరాయి సబ్జెక్టు. అయినా "చట్టం ఎవరు చేస్తారు?" అన్న ప్రశ్న రైతుబిడ్డకు పరాయిది కాదు గనుక ఈ సాహసం చేస్తున్నాను. పొరపాట్లుంటే పెద్దలు మన్నింతురు గాక!

పుస్తకంలో పార్లమెంటు

స్థూలంగా చెప్పాలంటే పార్లమెంటు పనులు మూడు: చట్టాలు చేయడం, ఖజానాకు కాపలా కాయడం, మంత్రులను నిలదీయడం. రాజ్యాంగం 75(3) అధికరణం ప్రకారం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా జవాబుదారీ. మా ఊరి భాషలో అయితే భూమి సభది, మంత్రివర్గం కౌలుదారు.

ఇది వట్టి కాగితం మీది మాట కాదు. 1956లో ఏర్పడిన జీవిత బీమా సంస్థ డబ్బును ముంధ్రా అనే వ్యాపారి కంపెనీలలో పెట్టిన వ్యవహారాన్ని 1957లో లోక్‌సభలో బయటపెట్టి నిలదీసినవాడు ఫిరోజ్ గాంధీ. ఆయన పాలకపక్ష సభ్యుడు, పైగా ప్రధానమంత్రికి అల్లుడు. 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయవలసి వచ్చింది. 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటు తేడాతో, 269కి 270తో, వాజపేయి ప్రభుత్వం పడిపోయింది. సభకు అంత బలముంది.

మరి ఎక్కడ మార్పు వచ్చింది?

మొదటి కారణం, ప్రభుత్వం పని పెరగడం. ఎరువులో నత్రజని ఎంత శాతం ఉండాలి, విత్తనం మొలక శాతం ఎంత అన్నవి సభలో ఓటు వేసి తేల్చే సంగతులు కావు. అందుకని సభ చట్టానికి చట్రం కట్టి, లోపలి నింపుడు శాఖలకు వదిలేస్తుంది. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం ఒక్కటి చాలు. చెరుకు నియంత్రణ ఉత్తర్వు (1966), విత్తనాల ఉత్తర్వు (1983), ఎరువుల ఉత్తర్వు (1985) అన్నీ దాని కింద శాఖలు ఇచ్చినవే. మా నాన్న కొనే యూరియా బస్తా మీద, తోలే చెరుకు బండి మీద నడిచేది ఈ ఉత్తర్వుల రాజ్యమే. వాటిని సభ ముందు పెడతారు, నిజమే. కానీ విప్పి చదివేవారు ఎందరు?

రెండవది ఫిరాయింపుల నిరోధం. 1984 ఆగస్టులో మన రాష్ట్రంలోనే ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని ఎలా కూల్చారో పెద్దలను అడిగితే చెబుతారు. ఆ రోగానికి 1985లో 52వ సవరణ మందు తెచ్చారు. అయితే మందు మోతాదు ఎక్కువైంది. పార్టీ విప్ దాటి ఓటు వేస్తే సభ్యత్వం పోతుంది. ప్రభుత్వం పడిపోయే ఓటుకే కాదు, మామూలు బిల్లుకూ ఇదే నియమం. నేడు ఫిరోజ్ గాంధీ ఉంటే ప్రశ్న అడగగలడు గాని, విప్‌కు ఎదురుగా ఓటు వేస్తే సీటు దక్కడం కష్టం.

మూడవది సమయం. మొదటి లోక్‌సభ (1952-57) 677 రోజులు కూర్చుంది. 17వ లోక్‌సభ (2019-24) కూర్చున్నది 274 రోజులు. 2018 మార్చిలో శాఖల పద్దులన్నీ లోక్‌సభలో చర్చ లేకుండానే ఆమోదం పొందాయి. పంట నూర్చకుండానే గాదెలో పోసినట్టు!

ఆర్డినెన్సు అనే అడ్డదారి

సభ జరగని రోజుల్లో అత్యవసరమైతే 123వ అధికరణం కింద రాష్ట్రపతి, 213 కింద గవర్నరు ఆర్డినెన్సు ఇవ్వవచ్చు. సభ మళ్ళీ కూడిన ఆరు వారాలకు అది పోవాలి, లేదా చట్టం కావాలి. బీహారులో ఏం జరిగిందో చూడండి. 1967-81 మధ్య 256 ఆర్డినెన్సులు ఇచ్చి, వాటిలో కొన్నిటిని గడువు తీరినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ జారీచేస్తూ పోయారు. చెరుకు సరఫరా మీద ఇచ్చినది ఒకటి దాదాపు 14 ఏళ్ళు బ్రతికింది! పుణె ఆచార్యుడు డి.సి. వాధ్వా కోర్టుకెక్కితే, ఇది రాజ్యాంగాన్ని వంచించడమేనని 1986లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒకే భూమి, రెండు దారులు

సభ పనిచేస్తే ఏమవుతుందో, పక్కన పెడితే ఏమవుతుందో తెలియాలంటే మళ్ళీ మా తాతగారి పొలం గట్టు మీదికే రావాలి. 1894 చట్టం స్థానంలో కొత్త బిల్లు 2011 సెప్టెంబరులో లోక్‌సభకు వచ్చింది. విపక్ష సభ్యురాలు సుమిత్రా మహాజన్ అధ్యక్షతన స్థాయీ సంఘం దాన్ని పరిశీలించింది. సవరణలు జరిగాయి. 2013లో చట్టమైంది. పల్లెల్లో మార్కెట్ ధరకు నాలుగు రెట్ల దాకా పరిహారం, ప్రైవేటు ప్రాజెక్టుకైతే 80 శాతం మంది సమ్మతి, ముందుగా సామాజిక ప్రభావ అంచనా అందులో ఉన్నాయి. రెండేళ్ళు పట్టింది, కానీ పని గట్టిగా జరిగింది.

ఏడాది తిరగకుండా, 2014 డిసెంబరు 31న, ఐదు రకాల ప్రాజెక్టులకు సమ్మతీ అంచనా అక్కరలేకుండా చేయవీలు కల్పిస్తూ ఆర్డినెన్సు వచ్చింది. 2015లో మరి రెండుసార్లు జారీ అయింది. రాజ్యసభలో మెజారిటీ దొరకక, ఆ ఆగస్టు 31న గడువు తీరి పోయింది.

2020 నాటి మూడు సాగు చట్టాలదీ అదే దారి. జూన్ 5న ఆర్డినెన్సులు. సెప్టెంబరులో బిల్లులు. ఏ సంఘానికీ పంపలేదు. సెప్టెంబరు 20న రెండు ముఖ్యమైన బిల్లులపై రాజ్యసభలో విపక్షం ఓట్ల లెక్కింపు కోరినా మూజువాణి ఓటుతో ఆమోదం అయిందన్నారు. ఢిల్లీ పొలిమేరల్లో రైతులు ఏడాది పాటు కూర్చున్నారు. 2021 నవంబరు 29న రద్దు బిల్లు ఒక్కరోజులోనే రెండు సభలూ దాటింది. లోక్‌సభలో చర్చే లేదు. ఆ చట్టాలు మంచివా, చెడ్డవా అన్నది వేరే వాదం. నా బాధ ఒక్కటే: తెచ్చేటప్పుడూ సభ సరిగా మాట్లాడలేదు, తీసేటప్పుడూ మాట్లాడలేదు. సభలో జరగవలసిన చర్చ రోడ్డు మీద జరిగింది.

ఏం చేయాలి?

1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలు పెట్టినప్పుడు మంచి దారి దొరికింది. పార్టీ రంగు కాస్త పక్కనపెట్టి బిల్లును వాక్యం వాక్యం చదివే చోటు అదే. 15వ లోక్‌సభలో సుమారు 71 శాతం బిల్లులు సంఘాలకు వెళ్ళగా, 17వ లోక్‌సభలో 16 శాతమే వెళ్ళాయి. ప్రతి ముఖ్యమైన బిల్లూ సంఘానికి వెళ్ళాలి. విప్ బలం ప్రభుత్వాన్ని నిలిపే, పడగొట్టే ఓటుకే పరిమితం కావాలి. ఏటా సభ కూర్చోవలసిన రోజులు ముందే ఖాయం కావాలి.

చివరిగా ఒక్క మాట. పార్లమెంటును అనేముందు మన సంగతి చూసుకుందాం. యూనియన్ సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివినప్పుడు మనలో ఎందరం లేచి ప్రశ్నించాం? చప్పట్లు కొట్టి, టీ తాగి బయటికి వచ్చాం. నేనూ అడగలేదు. ఈ వ్యాసం రాస్తూ ఉంటే అది గుర్తొచ్చి సిగ్గేసింది. మా తాతగారు చదువు రాక వేలిముద్ర వేశారు. చదువు వచ్చిన మనం చదవకుండా వేస్తే, అదీ వేలిముద్రే కదా!