కుసుమంచి నుండి బయలుదేరు విద్యార్థికి

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసి ఫలితములు వెలువడువరకు నడుమనుండు దీర్ఘమైన వేసవిలో, కుసుమంచి బస్టాండునందో, గణపేశ్వరాలయపు నీడపట్టుననో కూర్చుండి, ‘ఏ కోర్సులో చేరవలయును?’ అని యొకరినొకరు ప్రశ్నించుకొను విద్యార్థులను నేను పలుమారులు చూచితిని. ఆ ప్రశ్నకు సమాధానమును కోర్సుల పట్టికలో వెదకుటకు ముందు ఒక చిన్న యాత్ర చేయుడని వారికి చెప్పుట నాకు పరిపాటి. యాత్ర యనగా, అరువదిమందిని ఒక్క బస్సులో కుక్కి, మూడు గుడులును ఒక జలపాతమును చూపి, అర్ధరాత్రికి ఇల్లు చేర్చు విహారము కాదు. ఎనమండుగురో పదుగురో ఒక ఉపాధ్యాయుని వెంట ఒకే చోట నాలుగైదు దినములు నిలిచి, అచ్చటివారు తినునది తిని, వారి పనిలో చేయి కలిపి, రాత్రి దీపము వద్ద ఆ దినము చూచినదానిని వ్రాసికొను ప్రయాణము.

ఇట్టి ప్రయాణము బ్రతుకులను మార్చుననుటకు దూరదేశపు దృష్టాంతము లక్కరలేదు. భద్రాచలమునకు ఎగువన అడవి యంచుననున్న చర్ల మండలమునుండి వచ్చి, సాంఘిక సంక్షేమ గురుకులములో చదువుకొనుచుండిన సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాదు జిల్లా గురుకుల విద్యార్థిని, పదునాలుగేండ్లు నిండని మాలావత్ పూర్ణతో కూడ, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును అధిరోహించెను. ఆ శిఖరము మనకందరకును తెలిసినదే. దాని క్రిందనున్న మెట్లను మాత్రము మనము తలచుకొనము. గురుకులములనుండి ఎంపికైన పిల్లలు మొదట భువనగిరి కోట యేకశిలపై ప్రాకుట నేర్చిరి. వారిలో కొందరు డార్జిలింగులోని పర్వతారోహణ సంస్థకును, వారిలో మరల కొందరు లడాఖు మంచునకును పోయిరి. మజిలీ మజిలీకి చిన్నదగుచు వచ్చిన ఆ బృందమునుండి తుదకు ఇరువురు మిగిలిరి. శిఖరమునకు పోని పిల్లల ప్రయాణము వ్యర్థమైనదని నేను తలపను. ఊరి పొలిమేర దాటి యెరుగని బాలుడు గడ్డకట్టు చలిలో గుడారము వేసికొని, తోటివాని ప్రాణమునకు తాను తాడు పట్టి నిలువగలనని తెలిసికొనుట ఏ పాఠ్యపుస్తకమును ఈయజాలని విద్య.

మరి వ్రాసికొనుట యెందులకందురా? 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, నీటివసతి యెట్టిది, అంగళ్లున్నవా, బాట యెట్లున్నదని మజిలీ మజిలీకి వ్రాసియుంచుటచేతనే ఆయన కాశీయాత్ర చరిత్ర ఆనాటి దేశస్థితికి నేటికిని సాక్ష్యమై నిలిచినది. మీ చేతనుండవలసినది అట్టి నోటుపుస్తకము. సెల్‌ఫోను సంచిలో నుండవచ్చును.

మొదటి యాత్రకు ఊరు దాటనక్కరలేదు. కాకతీయులనాటి గణపేశ్వరాలయ స్తంభముల నడిమి దూరమును నూలుదారముతో కొలిచి, పటము గీచి, సమీపమున నున్న ముక్కంటేశ్వరాలయముతో పోల్చి, ఆపైన 1213 నాటి రామప్ప గుడికి పోయి చూచిన విద్యార్థికి, ఆ రాతిపనిపై మనసు నిలిచెనేని, డిగ్రీ పిమ్మట ఉస్మానియాలోని ప్రాచీన చరిత్ర, పురావస్తు శాఖ యున్నది. నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో నిండు పాలేరు జలాశయమున, వేకువనే మత్స్యకారులతో తెప్ప యెక్కి వల లాగి, పాలేరులోనే యున్న మత్స్య పరిశోధన కేంద్రమునకు అనుమతితో పోయి వచ్చినవానికి, వనపర్తి జిల్లా పెబ్బేరులోని మత్స్యశాస్త్ర కళాశాల పేరు కేవలము కౌన్సెలింగు పట్టికలోని యొక పంక్తిగా తోచదు. బైపీసీ చదివినవారికి అది నాలుగేండ్ల డిగ్రీ.

రెండవ యాత్ర అడవి వైపునకు. వేసవిలో తునికాకు సేకరణ జరుగు తరుణమున, గూడెము పెద్దల అనుమతి ముందుగా పొంది, కోయ కుటుంబములతో కూర్చుండి యాబదేసి ఆకుల కట్టలు కట్టి చూడుడు. మనుష్యులను వింతవస్తువులవలె చూచుటకు మాత్రము పోవలదు. ఫొటోకు ముందు మాట, మాటకు ముందు పని. నాలుగు కోయ మాటలైనను నేర్చి తిరిగిరండు. అచ్చట చెట్లపై మనసు పోయినవారికి సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలయు, మనుష్యులపై పోయినవారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములోని మానవశాస్త్ర శాఖయు గలవు. ములుగు జిల్లాలో సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయమును వెలసినది. రెండు ములుగులను ఒకటిగా భ్రమించి దరఖాస్తు చేయువారున్నారు, జాగ్రత్త.

పదునెనిమిదేండ్లు నిండినవారు, కేంద్రప్రభుత్వపు యువ సంగమ్ ప్రకటన వెలువడినపుడు, ఇతర రాష్ట్రమునకు పోవు బృందమున చేరుటకు దరఖాస్తు చేయవచ్చును. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘మీకేమి వచ్చును?’ అని యడిగినపుడు, ‘పాలేరు మత్స్యకారులతో ఐదు దినములుంటిని, వారి లెక్క యిది’ అని నోటుపుస్తకము తెరచి చూపగలవాని మాటకు బలముండును.

తునికాకు తరుణము కొలది వారములే యుండును. మీ లెక్చరరుగారిని అడుగుట ఈ వారమే మేలు.