పదమూడో హోల్ తర్వాత నడుము పట్టేస్తోంది

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. శాలిబండలో బట్టల దుకాణం. ఆదివారాలు గోల్కొండ నయా ఖిల్లాలో గోల్ఫ్ ఆడతాను. పదమూడో హోల్ దాటాక నడుము పట్టేస్తుంది, చిన్న పుట్‌లకూ చేతులు వణుకుతాయి. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, శాలిబండ

జవాబు: మీ ఇబ్బంది దుకాణంలోనే మొదలవుతోందని నా అనుమానం. వారమంతా గద్దె మీద కూర్చుంటే తుంటి కీళ్లు బిగుసుకుంటాయి. స్వింగ్‌లో తుంటి, వీపు పైభాగం బాగా తిరగాలి. అవి మొరాయిస్తే భారమంతా నడుము మీద పడుతుంది. దానికేమో మెలితిరిగే శక్తి తక్కువ. గంటకోసారి లేచి తుంటి సాగదీయండి. వారానికి మూడుసార్లు గుంజీళ్లు, బ్రిడ్జ్, ప్లాంక్ చేయండి. ఆటకు ముందు పది నిమిషాలు చురుగ్గా నడిచి, పొట్టి క్లబ్‌తో సగం స్వింగ్‌లు వేశాకే డ్రైవర్ పట్టండి.

18 హోల్స్ నడిస్తే ఎనిమిది కిలోమీటర్ల పైమాటే. దాహం వేయకముందే నీళ్లు తాగండి, మధ్యలో ఓ అరటిపండు తినండి. నహారీ మాత్రం ఆట అయ్యాకే! (శాలిబండ వాసిని మానేయమనే ధైర్యం నాకు లేదు.)

వణుకులో అలసట కొంత, స్కోరు బెంగ కొంత. మధుమేహానికి మందులు వాడుతుంటే చక్కెర పడిపోతోందేమో చూసుకోండి. ప్రతి పుట్‌కూ ఒకటే వరస పెట్టుకోండి: బంతి దారి చూడటం, ఒక ప్రాక్టీస్ స్ట్రోక్, నెమ్మదిగా ఊపిరి వదలడం, కొట్టడం. గోల్ఫ్ నియమావళి సూచించే 40 సెకన్లు ఇందుకు చాలు. ఇంట్లో తివాచీ మీద రోజూ మూడడుగుల పుట్‌లు సాధన చేయండి.

నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిర్లు వచ్చినా ఆట ఆపి ఎముకల డాక్టరును కలవండి.