రెండు ప్రపంచ టైటిళ్ల మధ్య 11 ఏళ్లు

పిల్లల్ని బాక్సింగ్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు ముందుగా అడిగేది పతకం వస్తుందా అని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పతకం రాని ఏళ్లు ఎలా గడుస్తాయి? నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ కెరీర్‌ను ఏడాది వెంట ఏడాది చూస్తే దీనికి చాలావరకు జవాబు దొరుకుతుంది.

1996లో పుట్టిన నిఖత్ నలుగురు అక్కచెల్లెళ్లలో మూడోది. తండ్రి జమీల్ అహ్మద్ మొదట పరుగు పందేల్లో తర్ఫీదు ఇప్పించారు. ఆ తర్వాతే స్థానిక కోచ్ సంసాముద్దీన్ దగ్గర ఆమె గ్లవ్స్ తొడిగింది. 2009లో విశాఖలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రానికి ఎంపికై ఐ.వెంకటేశ్వరరావు శిక్షణలో చేరింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. అప్పటికింకా పదిహేనేళ్లు నిండలేదు.

చాలామంది ఇక్కడి నుంచి నేరుగా 2022 విజయం దగ్గరికి వెళ్లిపోతారు. విద్యార్థులకు పనికొచ్చేదంతా ఆ మధ్యలోనే ఉంది. 2013లో యూత్ ప్రపంచ పోటీల్లో రజతం వచ్చింది. 2017లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో భుజం కీలు తప్పి ఏడాదిపాటు రింగుకు దూరమైంది. 2019లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు ట్రయల్స్ పెట్టాల్సిందేనని కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. ట్రయల్స్ పెట్టారు, అదే విభాగపు సీనియర్ బాక్సర్ మేరీకోమ్ చేతిలో 1-9తో ఓడింది. అంత పోరాడి సాధించుకున్న అవకాశం అలా చేజారితే ఆట మానేసేవాళ్లే ఎక్కువ. ఆమె మానలేదు. 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది. సీనియర్ ప్రపంచ స్వర్ణం ఆ మరుసటి ఏడాది మేలో, ఇస్తాంబుల్‌లో. ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జుతామాస్‌ను 5-0తో ఓడించింది. అంటే సీనియర్ ప్రపంచ టైటిల్ కన్నా ముందే జీతం వచ్చింది. ఈ వరుస గమనించదగ్గది.

బరువు సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. ఇస్తాంబుల్‌లో ఆమె గెలిచింది 52 కిలోల విభాగంలో. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు, 50కి దిగాల్సి వచ్చింది. 2024లో అక్కడ ప్రిక్వార్టర్స్‌లో చైనాకు చెందిన వూ యు చేతిలో ఓడాక, బరువు తగ్గించుకోవడానికి తిండి, నీళ్లు కూడా మానుకోవాల్సి వచ్చిందని నిఖత్ చెప్పింది. మూడేసి నిమిషాల మూడు రౌండ్ల కోసం అలా ఒంటిని ఎండగట్టాల్సిన రోజులుంటాయి. అందుకే కోచ్‌తో పాటు ఆహార నిపుణుల సలహా చిన్నప్పటి నుంచే అవసరం.

పారిస్ ఓటమి తర్వాత కొద్ది వారాలకే తెలంగాణ పోలీస్ శాఖలో డీఎస్పీగా చేరింది. అంత పెద్ద పదవి అందరికీ రాదు. కానీ రైల్వే, పోలీస్, సైన్యం, బ్యాంకులు బాక్సర్లను తీసుకుంటూనే ఉంటాయి. సంసాముద్దీన్ కుమారుడు హుసాముద్దీన్ సైన్యంలో ఉంటూనే రెండు కామన్వెల్త్ కాంస్యాలు, 2023లో ప్రపంచ కాంస్యం సాధించాడు. కేంద్ర పథకం ఖేలో ఇండియాకు ఎంపికైతే నెలకు రూ.10,000, ఒలింపిక్ పతకాల లక్ష్యంతో నడిచే టాప్స్ పథకం ప్రధాన జాబితాలోకి చేరితే రూ.50,000 భత్యం అందుతుంది. రింగు వదిలాక కోచ్ కావాలనుకుంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో డిప్లొమా ఉంది. తెలుగు జిల్లాలకు మంచి కోచ్‌ల అవసరం చాలా ఉంది.

డిగ్రీ చదువుతున్నవాళ్లు విశ్వవిద్యాలయం తరఫున ఆడే అవకాశాన్ని వదులుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల క్రీడా కోటాలో జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడినవాళ్లతో పాటు అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాళ్లకూ అర్హత ఉంటుంది. ఆడిన ప్రతి పోటీకీ నిర్ణీత ఫారంలో, అధికారి సంతకంతో సర్టిఫికెట్ అప్పటికప్పుడే తీసుకోవాలి.