బోర్లిస్తేనే బేరం

ఆలూరులో మా అమ్మవాళ్లింటి అటక మీద రెండు రేకు సందుగలుండేవి. ఒకదాన్నిండా ఇత్తడి సామాను, రెండోదాన్నిండా నా బండ్లు. బండ్లంటే అరచేతిలో ఇమిడే మూడంగుళాల బండ్లు: హాట్‌వీల్స్, మ్యాచ్‌బాక్స్, మైస్టో. కోఠీలో చదివే రోజుల్లో మొదలై, జీతం రావడంతో ముదిరి, పిల్లలు పుట్టాక చల్లారిన సరదా. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూ అమ్మ తేల్చి చెప్పింది: "గిన్నేండ్ల సంది కాపాడిన. ఇగ నాతోని గాదు బిడ్డా. అమ్ముకుంటవో, పంచిపెడ్తవో, సందుగ ఖాళీ చెయ్యి."

దించి లెక్కపెడితే 412. ఇంజినీరింగు చదువుతున్న మా అన్న కొడుకును పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ముందు ఏరాలి. మా ఊరి దగ్గర బీజాపూర్ రోడ్డు పక్కన కూరగాయలమ్మే ఆడవాళ్లు పొద్దున్నే టమాటాలు ఏరడం చిన్నప్పట్నుంచీ చూసినవాణ్ని. గట్టివి ఓ పక్క, ఆ పూటకే వండుకోవాల్సినవి ఓ పక్క, పగిలినవి వేరే. పగిలినదాన్ని గంప అడుగున దాస్తే ఆ పూటకు చెల్లుతుంది గానీ, ఆ కొన్న మనిషి మళ్లీ కారు ఆపడు. మేమూ అట్లాగే ఏరాం. అట్ట మీది ప్లాస్టిక్ బుడగ విప్పనివి 96. విప్పినా ఒంటి మీద గీత పడనివి 139. రంగు లేచినవి, అద్దం పగిలినవి, ఇరుసు వంగినవి 177.

విప్పనివాటిని ముచ్చటపడి విప్పకండి. కొనేవాడికి అట్టకూ విలువే, అట్ట మూల మడత పడినా ధర తగ్గిస్తాడు. విప్పినవాటికి దుమ్ము దులపడానికి పాత పళ్ల బ్రష్షు, ఒక చుక్క సబ్బునీళ్లు చాలు. నానబెడితే ఇరుసుకు తుప్పు పడుతుంది. స్టిక్కర్లున్న చోట తడి తగలనివ్వొద్దు. అన్నిటికంటే పెద్ద పొరపాటు, లేచిన రంగును మళ్లీ వెయ్యడం. మావాడు ఒక ఎర్ర ఫెరారీకి నెయిల్ పాలిష్ పట్టుకొచ్చాడు. చేతిలోంచి లాక్కోవాల్సి వచ్చింది.

తర్వాతి పని మీదే రెండు వారాలు కూర్చున్నాం, అదీ దండగ కాలేదు. ప్రతి బండినీ బోర్లించి అడుగు రేకు చదవడం. చిన్న అక్షరాలు, భూతద్దం కావాలి, లేదా ఫోను కెమెరా. మ్యాచ్‌బాక్స్ అడుగున "లెస్నీ, మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంటే అది 1982కు ముందుది, ఎందుకంటే ఆ ఏడే లండన్ లెస్నీ కంపెనీ దివాలా తీసి చేతులు మారింది. ఆ తర్వాతి వాటి మీద మకావ్, చైనా, థాయిలాండ్ పేర్లు కనిపిస్తాయి. హాట్‌వీల్స్‌తో ఒక చిక్కుంది. అడుగున 1982 అని పోతపోసి ఉందని 1982 నాటి బండి అనుకుని మురిసిపోతారు. అది ఆ అచ్చు హక్కు పుట్టిన సంవత్సరం, బండి తయారైన సంవత్సరం కాదు. ఒకే అచ్చు నుంచి ఇరవై ముప్పై ఏళ్లు బండ్లు పోస్తూనే ఉంటారు. 2008 నుంచి వచ్చినవాటికైతే అడుగున సన్నగా ఒక అక్షరం, రెండంకెలు కొట్టి ఉంటాయి. అక్షరం ఏడాదికి, అంకెలు ఆ ఏడాదిలో వారానికి.

మావాడు రంగు లేచిన కుప్పలోకి విసిరేసిన నీలం బండి ఒకటి నా కాలి దగ్గర పడింది. బానెట్ మీద గోరంత రంగు లేదు, ముందు చక్రం కొద్దిగా లోపలికి వాలింది. అలవాటుగా బోర్లించాను. ఒక పక్క "లియో", కింద "మేడ్ ఇన్ ఇండియా". అమెరికా మ్యాటెల్ బండ్లను లియో పేరుతో మన దేశంలోనే పోతపోసిన కాలం ఒకటుంది. సుల్తాన్ బజారులో మా చిన్నాయన నాకు దీన్ని కొనిచ్చింది అదే కాలంలో. అప్పుడు వాటిని నాసిరకం అనుకునేవాళ్లం, ఫారిన్ బండి కోసం ఏడ్చేవాళ్లం. ఇవాళ బయటి దేశాల వాళ్లకు దొరకనివి ఆ నాసిరకాలే.

"గిది కూడ పోతదా చిన్నాయనా?"

"ముందు గా కుప్పలకెల్లి తియ్యి."

విప్పని అట్టల్లో ట్రెజర్ హంట్ రకం వెతికాం. 1995లో మొదలైన హాట్‌వీల్స్ వరస అది, అరుదుగా పెట్టెల్లో కలిపి పంపుతారు. 2007 నుంచి సూపర్ రకం వేరుగా వస్తోంది, దానికి మెరిసే రంగు, నిజం రబ్బరు టైర్లు. ఇప్పటి అట్టల మీద బండి వెనకాల గుండ్రటి మంట గుర్తు ఉంటుంది, మామూలుదానికి వెండి రంగులో, సూపర్‌కు బంగారు రంగులో. మా సందుగలో వెండివి రెండు దొరికాయి. బంగారుది లేదు. టైరు మీద ఎర్ర గీత ఉన్న 1968 నాటి తొలి బండ్లు కలలో కూడా లేవు.

ధర కట్టడంలో ఒకటే సూత్రం: అడిగిన ధర చూడొద్దు, అమ్ముడైన ధర చూడాలి. ఓఎల్ఎక్స్‌లో ఎవడో పాత మారుతి బొమ్మకు 15,000 పెట్టి రెండేళ్లుగా కూర్చున్నాడు. అది ధర కాదు, వాడి ఆశ. ఈబేలో అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే సదుపాయం ఉంది, అందులోని సగటు నుంచి విదేశీ పోస్టు ఖర్చు తీసేసి లెక్క వేసుకున్నాం.

ఈబే అన్నాను గనక చెప్పాలి. మన దేశంలో ఇంటర్నెట్ వేలం బాజీ డాట్ కామ్‌తో అలవాటైంది. దాన్ని 2004లో ఈబే కొన్నది, 2018 ఆగస్టులో ఇక్కడి సైటు మూతపడింది. ఇప్పుడు ఈబే ప్రపంచ సైటులో మనవాళ్లు అమ్మేది ప్రధానంగా బయటి దేశాలకే. దానికీ ఒక కొత్త అడ్డు వచ్చింది: 800 డాలర్ల లోపు పార్శిళ్లకున్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. అయిదు వందల బండికి ఆ తలనొప్పి దండగ. అందుకని మా వేలం అంతా ఫేస్‌బుక్, వాట్సాప్‌ల్లోని సేకర్తల గుంపుల్లోనే నడిచింది.

ఫొటోలు పొద్దున ఏడింటికి, అరుగు మీద. తెల్ల కాగితం పరిచి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీశాం. నాలుగు పక్కలా, పైనా, తప్పనిసరిగా అడుగూ. చీటీ మీద నా పేరు, ఆనాటి తేదీ రాసి బండి పక్కన పెట్టాలి, బొమ్మ నిజంగా మన చేతిలోనే ఉందని గుంపులో అదే సాక్ష్యం. లోపం ఉంటే దాని మీదికి కెమెరా దగ్గరగా పోవాలి. లియో బండికి మేం రాసింది ఇదీ: "లియో ఇండియా. బానెట్ మీద గోరంత రంగు లేదు. కుడి ముందు చక్రం వాలింది, తిరుగుతుంది. అద్దం పగల్లేదు. పాట 300 నుంచి, పెంపు 50. ఆదివారం రాత్రి 9కి ముగింపు. చివరి 5 నిమిషాల్లో పాట పడితే ఇంకో 5 నిమిషాలు. పోస్టు ఖర్చు వేరు."

ఆ చివరి నిబంధన లేకపోతే కాచుక్కూర్చున్నవాడు ఆఖరి సెకనులో కొట్టుకుపోతాడు. ఆదివారం రాత్రి ఎందుకంటే అందరూ ఇంట్లో ఉంటారు. నెల మొదటి ఆదివారమైతే జీతాలూ పడి ఉంటాయి.

ఆ రాత్రి ఎనిమిదిన్నర దాకా 450 మీదే నిలిచింది. తర్వాత ఇద్దరు పట్టుకున్నారు. 9 దాటి నాలుగుసార్లు గడువు జరిగింది. వంటింట్లోంచి అమ్మ, "బాలాపూర్ లడ్డూ లెక్క పాడుతున్నరు గదరా!" అంది. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యికి. లడ్డూ బరువు అన్ని రెట్లు పెరగలేదు. పంతం పట్టినవాళ్లు ఇద్దరుంటే చాలు. మా నీలం బండి 2,650 దగ్గర ఆగింది.

అందుకే అన్నీ వేలానికి పెట్టొద్దు. ఇద్దరు పోటీపడతారని నమ్మకం ఉన్నవే పాటకు. మామూలు బండ్లు పదేసి కట్టగా, ఒకే ధరకు. కట్టలో ఒక మంచిదాన్ని ఊరింపుగా పెట్టమని కొందరు సలహా ఇస్తారు, నాకు నచ్చదు. దాని ధర పోతుంది, మిగతా తొమ్మిదీ ఏం పెరగవు.

డబ్బు ముందు, పార్శిల్ తర్వాత. ఓఎల్ఎక్స్‌లో పెట్టిన పది నిమిషాలకే ఒకాయన సైన్యంలో పనిచేస్తున్నానంటూ బేరమాడకుండా ఒప్పుకుని, "క్యూఆర్ పంపిన, స్కాన్ చేసి పిన్ను కొట్టండి, పైసలు పడతయ్" అన్నాడు. డబ్బు రావడానికి పిన్నుతో పనే లేదు. పిన్ను కొట్టామంటే పోయేది మన ఖాతాలోంచే. పొరపాటున పిన్ను కొట్టినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

ప్యాకింగులో నేనే తప్పు చేశాను. మొదటి వారం విప్పని అట్టలు మూడింటిని బబుల్ కవరులో చుట్టి వదిలేశాను. చేరేసరికి ఒకదాని బుడగ చీలిపోయింది. కొన్నవాడు పార్శిల్ విప్పుతూ తీసిన వీడియో పంపాడు, మారుమాట్లాడకుండా డబ్బు వాపసిచ్చాను. అప్పట్నుంచి ప్రతి అట్టకూ గట్టి ప్లాస్టిక్ డొప్ప, దాని చుట్టూ బబుల్, ఆపైన అట్టపెట్టె. విడి బండ్లకు ముందు టిష్యూ కాగితం. రంగు మీద నేరుగా వార్తాపత్రిక చుడితే సిరా అంటుతుంది. పెట్టె మూసి చెవి దగ్గర ఊపాలి. చప్పుడొచ్చిందా, మళ్లీ విప్పాల్సిందే. మేం పెట్టె కట్టడం కూడా వీడియో తీశాం. చేవెళ్ల పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసి, రసీదు ఫొటో కొన్నవాడికి వెంటనే పంపేవాళ్లం.

మిగతా తావుల సంగతి క్లుప్తంగా. ఎర్రగడ్డ ఆదివారం సంతకూ, జుమ్మేరాత్ బజారుకూ తలా ఒకసారి పోయి చూశాను. అక్కడ బొమ్మకు ధర లేదు, కుప్పకే ధర. కామిక్ కాన్‌లో అమ్మాలంటే స్టాలు తీసుకోవాలి, నాలుగు వందల బండ్లకు గిట్టదు. సేకర్తలు హైదరాబాదులో అప్పుడప్పుడు కలుసుకుని మార్చుకునే చోట మాత్రం ఒక్క పూటలో 40 పోయాయి. పోస్టు ఖర్చు లేదు, కొనేవాడే బోర్లించి చూసుకుంటాడు. ఊళ్లో పిల్లలకు 60 పంచాం.

ఆఖరికి చక్రాలూడినవి, ఇరుసు విరిగినవి 17 మిగిలాయి. చెత్తలో వేద్దామంటే మావాడు ఒప్పుకోలేదు. బండ్లకు కొత్త చక్రాలు బిగించి, రంగులేసి కొత్త రూపమిచ్చేవాళ్లు ఒట్టి డొక్కులకూ డబ్బిస్తారట. "చక్రాలు లేనివి 17, ఉన్నవి ఉన్నట్టు, పాట 50 నుంచి" అని పెట్టాడు. ఆదివారం తొమ్మిదికి పది నిమిషాలుండగా అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోనులోకి తొంగిచూసింది.

"ఎంత దాంక పోయిందిరా?"

"నాలుగొందలు నానమ్మా."

"ఆగు, ఇంకో మనిషి ఉంటడు."