ఆన్‌లైనులో నాటక విద్య: ఒక పరిశీలన

కావ్యాలన్నింటిలోనూ నాటకం రమ్యమైనదని పెద్దలంటారు. చదివి ఆనందించే కావ్యానికి పాఠకుడొక్కడు చాలు. నాటకానికి మాత్రం నటుడు, ప్రేక్షకుడు ఒకే చోట, ఒకే సమయాన కలుసుకొనవలసి ఉన్నది. మరి గురువు ఒక ఊరిలో, సహాధ్యాయులు తలొక ఇంటిలో ఉండగా నాటక విద్య నేర్వడం సాధ్యమా? రంగస్థల ప్రవేశ పాఠ్యక్రమాన్ని ఆన్‌లైనులో అభ్యసించిన విద్యార్థులుగా మేము ఈ ప్రశ్నకు మా అనుభవం నుండి సమాధానం చెప్ప యత్నిస్తున్నాము.

2020 మార్చిలో కోవిడ్ వల్ల కళాశాలలు మూతపడినప్పుడు ఆన్‌లైన్ బోధన అనివార్యమైనది. ఆ విపత్తు తొలగినా ఆ పద్ధతి నిలిచిపోయినది. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘స్వయం’ వేదిక ద్వారా ఒక సెమిస్టరులోని పాఠ్యాంశాలలో 40 శాతం వరకు చదువుకొనడానికి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2021 నిబంధనలు వీలు కల్పించాయి. కనుక ఏ పాఠం తెరపై చెప్పవచ్చు, ఏది చెప్పరాదు అన్నది ప్రతి కళాశాలా ఆలోచించవలసిన విషయం.

లభించినది

ముందుగా లాభాలను చెప్పడం న్యాయం. నాటక విద్యలో గ్రంథభాగం తక్కువేమీ కాదు. భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించినది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ విషాద నాటకానికి ఇతివృత్తం, పాత్ర, భావం, భాష, సంగీతం, దృశ్యం అనే ఆరు అంగాలు చెప్పి, వానిలో ఇతివృత్తానికి అగ్రస్థానమిచ్చాడు. ఇటువంటి సిద్ధాంతాలను నేర్వడానికి తెర అడ్డు కాలేదు. అర్థం కాని చోట ఉపన్యాసాన్ని ఆపి, మరల మరల విన్నాము.

అంతకన్న పెద్ద లాభం మరొకటి ఉన్నది. సాయంకాలం కళాశాలలో ఆగడానికి వీలులేని సోదరీమణులు, పగలు పని చేసుకొని చదివే మిత్రులు ఈ పాఠంలో చేరగలిగారు. సాయంకాలపు రిహార్సల్సే నియమమై ఉంటే వీరిలో పలువురు మాతో ఉండేవారు కారు.

మాలో ఉర్దూవారు, తెలుగువారు చెరొక నాటకాన్ని ఎన్నుకొన్నాము. తెలుగువారు తెచ్చినది 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ ‘కన్యాశుల్కం’. ఉర్దూవారు తెచ్చినది 1954లో ఢిల్లీలో హబీబ్ తన్వీర్ ప్రదర్శించిన ‘ఆగ్రా బజార్’. కవి నజీర్ అక్బరాబాదీ కవితలను అల్లుకొన్న ఈ నాటకంలో జామియా మిలియా విద్యార్థులతో పాటు ఓఖ్లా గ్రామవాసులు కూడా నటించారు. విచిత్రమేమంటే, అందులో నజీర్ రంగం మీదికే రాడు; అతని పాటలు మాత్రం అంగడి అంతటా వినిపిస్తాయి.

కొరవడినది

చదవడం ముగిసి నటించడం మొదలైనప్పుడు చిక్కులు తలెత్తాయి. ‘ఆగ్రా బజార్’లో వర్తకులు ఒకరి మీదొకరు కేకలు వేస్తూ సరుకులు అమ్ముతారు. మేము ఆ దృశ్యాన్ని సెల్‌ఫోన్లలో ప్రయత్నించాము. ఇద్దరు ఒకేసారి పలికితే ఒకరి గొంతు అణగిపోయినది. బృందగానం ఎత్తుకొంటే తలొక తాళమైనది. దీనికి కారణం ఉన్నది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఒక గదిలోని ఇద్దరి నడుమ ఆలస్యం సెకనులో నూరవ వంతు మాత్రమే. ఆన్‌లైనులో ధ్వని అంకెలుగా మారి, కుదించబడి, దూరం పయనించి తిరిగి ధ్వనిగా మారేసరికి ఆలస్యం అంతకు ఎన్నో రెట్లవుతుంది.

మరొక చిక్కు దిక్కుల విషయం. రంగస్థలంపై కుడి అంటే ప్రేక్షకుల వైపు నిలిచిన నటుని కుడి. సెల్‌ఫోను మన బింబాన్ని మనకు సాధారణంగా అద్దంలో వలె తారుమారు చేసి చూపుతుంది. గురువుగారు కుడివైపు జరగమంటే, తెరను నమ్మి ఎడమకు జరిగిన వారు మాలో ఎందరో! ఎదుటి పాత్ర కళ్లలోనికి చూడాలంటే తెరను చూడాలి. మనం చూస్తున్నట్లు వారికి తోచాలంటే కెమెరాను చూడాలి. రెండూ ఒకేసారి పొసగవు.

ఇక్కడ భరతుని మాట గుర్తుకు వస్తుంది. 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల మధ్యమ నాట్యగృహం మానవులకు తగినదని, అంతకు మించితే మాట స్పష్టంగా వినబడదని, ముఖభావాలు కనబడవని ఆయన హెచ్చరించాడు. సెల్‌ఫోనులో దోషం దీనికి విపరీతం. ముఖం మరీ దగ్గరగా కనబడుతుంది. పాదాలు, నడక, ఇద్దరి మధ్య నుండవలసిన ఎడం మాయమవుతాయి. నాలుగు అభినయాల పేర్లు వ్రాసి మార్కులు తెచ్చుకొన్న మాకు, మొదటిదైన ఆంగికం సగమైనా అలవడలేదు.

మా విన్నపం

చివరకు ఒకనాటి మధ్యాహ్నం కళాశాల హాలులో అదే అంగడి దృశ్యాన్ని ఆడాము. కేకలు కలిశాయి, పాట కుదిరినది. దోసకాయలమ్మే పాత్ర బేరం లేక దిగులుపడినప్పుడు చూస్తున్నవారు నవ్వారు. ఆ నవ్వు ఆగేవరకు తరువాతి మాటను నిలుపవలెనని మాలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేకపోయినది. తెరపై అందరి మైకులూ కట్టివేసి ఉండగా ఈ పాఠం మాకు అందనే లేదు.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. సిద్ధాంత పాఠాలను ఆన్‌లైనులోనే కొనసాగించండి. వానిని తొలగిస్తే ఇంటి నుండి చదివే మా తోటివారు నష్టపోతారు. అయితే పక్షానికొక మధ్యాహ్నం హాలును మాకు ఇప్పించండి. ఆ వేళ సాయంకాలం కాకుండా చూడండి, అప్పుడు సోదరీమణులూ రాగలరు. పనికి పోయే మిత్రులకు ఆ తేదీలు ముందుగా తెలిస్తే సెలవు అడుగుకొనగలరు. ఖర్చు స్వల్పం; తెరలు, దీపాలు లేకున్నా మాకు కొరత లేదు. నలుగురు కలిసి నిలబడేంత చోటుంటే చాలు.