హోమ్ వ్యాన్‌కు పాలసీ ఉంది సరే, లోపల కూర్చున్నవాళ్లకు?

ఓల్డేజ్ హోమ్‌లో అడ్మిన్ చూసేవాళ్లని బండి ఇన్సూరెన్స్ సంగతి అడిగితే 'రెన్యూవల్ అయిపోయిందండీ' అంటారు. రెన్యూవల్ కావడం వేరు, బండిని మనం వాడే తీరుకు ఆ పాలసీ సరిపోవడం వేరు. యాక్సిడెంట్ అయ్యాక క్లెయిమ్ చిక్కుల్లో పడేది ఈ తేడా దగ్గరే. అప్పుడు మేనేజ్‌మెంట్ పిలిచి అడిగేది ఏజెంట్‌ని కాదు, మిమ్మల్ని.

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రైవేట్ కారుకు ఆ ఒక్కటే తీసుకుంటే, బండి గుద్దిన మనిషికి కవర్ ఉంటుంది, బండిలో కూర్చున్న మనిషికి ఉండదు. ఒక కేసు ఊహించుకోండి. హోమ్ పేరు మీద తెల్ల నంబర్ ప్లేటు ఈకో ఉంది. ప్రీమియం తగ్గుతుందని లయబిలిటీ ఓన్లీ పాలసీ తీసుకున్నారు. ముగ్గురు పెద్దవాళ్లని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే డ్రైవర్ నిర్లక్ష్యంగా ఆటోను గుద్దాడు. ఆటో డ్రైవర్‌కు ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. వెనక సీట్లో తుంటి ఎముక విరిగిన పెద్దావిడ కుటుంబం వేసే కేసు మాత్రం హోమ్ నెత్తినే పడుతుంది. అదే ప్యాకేజ్ పాలసీ అయితే లోపలి ప్రయాణికులకూ వర్తిస్తుందని 2009లో బీమా నియంత్రణ సంస్థ సర్క్యులర్ ఇచ్చింది, 2012లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి పాలసీ మొదటి పేజీలో పైన ఏ పేరు ఉందో ఈరోజే చూడండి. లయబిలిటీ ఓన్లీ అని ఉంటే రెన్యూవల్ దాకా ఆగకండి.

డ్రైవర్‌ని మినహాయించి ఆరుగురికి మించి ఎక్కే బండిని సంస్థ తన పనికే, కిరాయి తీసుకోకుండా వాడితే చట్టం దాన్ని ప్రైవేట్ సర్వీస్ వెహికల్ అంటుంది. ఏడు సీట్ల ఈకో ఈ లెక్కలోకి రాదు, పన్నెండు సీట్ల ట్రావెలర్ వస్తుంది. ఇది ట్రాన్స్‌పోర్ట్ వాహనం కిందే లెక్క, దానికి పర్మిట్ కావాలి. పేపర్లు చేయించడం తలనొప్పే, కాదనను. కానీ ట్రాన్స్‌పోర్ట్ వాహనంలో ప్రయాణికులకు కవర్ చట్టరీత్యానే తప్పనిసరి కాబట్టి ఆ తలనొప్పి మనకే మేలు. అయితే సీట్ల లెక్క దాటకూడదు. కార్తీక మాసంలో యాదగిరిగుట్ట ట్రిప్ పెడితే 'ఇంకొక్కరే కదా' అంటూ ఇద్దరు ముగ్గుర్ని ఎక్కువ ఎక్కిస్తాం. పాలసీ ఎంతమందికి ఉంటే అంతమంది వరకే ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత అని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. మిగతాది హోమ్ భరించాలి.

ఇక అకౌంట్స్ వాళ్లు తెలియక చేసే పని. నెల బిల్లులో 'హాస్పిటల్ ట్రిప్, రూ. 800' అని విడిగా లైన్ రాస్తారు. తెల్ల ప్లేటు బండికి అది కిరాయికి తిప్పినట్టు రుజువుగా పనికొస్తుంది. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పడం ఇన్సూరెన్స్ కంపెనీకి చట్టం ఇచ్చిన డిఫెన్స్. మోటార్ ప్రమాదాల ట్రిబ్యునల్ మొదట కంపెనీ చేత బాధితుడికి కట్టించినా, ఆ సొమ్ము తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కంపెనీకి చెప్పవచ్చు. రవాణా ఖర్చు నెలవారీ ఛార్జీలో కలిపేయాలా, టాక్సీ పర్మిట్ బండినే పిలవాలా అన్నది ట్రస్టీలతో ముందే తేల్చుకోండి.

దాతలు ఇచ్చిన బండి సంగతి ఇంకో రకం. ఫోటోలు దిగుతారు, తాళాలు ఇస్తారు, ఆర్‌సీ మాత్రం దాత పేరు మీదే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పరిహారం విషయంలో ఆర్‌సీలో పేరున్నవాడే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే నోటీసు వెళ్లేది మనకు మేలు చేసిన మనిషికి. బండి చేతికొచ్చిన 14 రోజుల్లో పాలసీ మార్పిడికి ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు పెట్టాలి, ఆర్‌సీ మార్పిడి కూడా అప్పుడే మొదలుపెట్టండి. మొహమాటానికి పోతే ఇద్దరికీ నష్టం.

స్టాఫ్ విషయానికొస్తే, పదిహేను లక్షల ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ వ్యక్తుల పేరు మీదున్న బండ్లకే. సంస్థ పేరు మీద ఉంటే అది రాదు. జీతం డ్రైవర్‌కు, కూడా వెళ్లే ఆయాకు, నర్సుకు లీగల్ లయబిలిటీ కవర్ విడిగా అడిగి చేర్పించండి. దాని ప్రీమియం పెద్దగా ఉండదు. చాలా హోమ్‌లలో రిటైరైన డ్రైవర్లే ఉంటారు. 55 దాటాక లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యూ చేయాలి. ఆ తేదీ మీ క్యాలెండర్‌లోనూ ఉండాలి.

బండి ఆగి ఉండగా జరిగేవాటితో ఎక్కువ చిక్కు. వీల్‌చెయిర్ ర్యాంపు మీంచి జారింది, మెట్టు దిగుతూ కాలు మడతపడింది. ఇది 'వాహన వినియోగం' కిందకి వస్తుందా అని మోటార్ పాలసీ ఇచ్చిన కంపెనీ వాదనకు దిగవచ్చు. అందుకని పబ్లిక్ లయబిలిటీ పాలసీ కూడా ఉండాలి, అందులో బండి ఎక్కించడం, దించడం మినహాయింపుల్లో లేదని కంపెనీ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. ఏజెంట్ ఫోన్‌లో 'అన్నీ కవరే సార్' అన్నమాట ఎక్కడా నిలబడదు.

'పెద్దవాళ్లే కదా, పరిహారం ఎంతవుతుంది' అనే మేనేజ్‌మెంట్లూ ఉన్నాయి. మరణం కేసుల్లో పరిహారం లెక్కగట్టే మల్టిప్లయర్ 65 దాటినవారికి 5 మాత్రమే, నిజమే. కానీ తుంటి ఆపరేషన్, నెలల తరబడి నర్సింగ్, ఫిజియోథెరపీ బిల్లులకు వయసు తగ్గింపు ఏమీ ఉండదు.

యాక్సిడెంట్ జరిగిన రోజు ముందు వైద్యం, తర్వాత పోలీసులకు సమాచారం, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా కబురు. ఇవన్నీ సెక్షన్ 134లో ఉన్నవే. ఫోటోలు తీయండి, ఎవరు ఏ సీట్లో ఉన్నారో రాసిపెట్టండి. ఆ హడావుడిలో ఎవరో ఒకరు చెవిలో వేస్తారు: 'మనవాడికి లైసెన్స్ అయిపోయింది, ఫలానా అతను నడిపాడని రాద్దాం.' రాయకండి. లైసెన్స్ లేకపోయినా బాధితుడికి ముందు కంపెనీ చేత కట్టించే దారి కోర్టుల్లో ఉంది. డ్రైవర్‌ని మార్చారని సీసీటీవీలో తేలితే క్లెయిమ్‌తో పాటు, ఫారం మీద సంతకం పెట్టిన మీరూ కేసులో ఇరుక్కుంటారు.