శిబిరం బువ్వ పెడుతుందా?

వేసవి సెలవుల్లో పర్వతారోహణ శిబిరంలో పనిచేస్తానంటే నాయన ఒక్కటే అడిగిండు: "దాంట్ల బువ్వ పుడ్తదా?" సైన్సు విద్యార్థిని గనుక లెక్క చూడక తప్పలేదు.

మన భువనగిరి గుట్ట (2016 దాకా నల్లగొండ జిల్లాలోనిదే) ఒకే రాతిబండ. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ శేఖర్‌బాబు వద్ద శిక్షణ పొందింది ఈ బండమీదనే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు నిండలేదు.

శిబిరం నడపడమంటే ముందుగా నీళ్ల లెక్క, నీడ లెక్క. మే నెలలో బండ పొద్దుగూకినా సెగ కక్కుతూనే ఉంటుంది. అందుచేత ఎక్కుడు తెల్లవారంగనే మొదలై ఎండ ముదరకముందే ముగియాలి. మధ్యాహ్నం నీడపట్టున తాడు ముడులు, ప్రథమ చికిత్స నేర్పాలి. కింద తాడు పట్టినవాడు ముచ్చట్లు పెట్టరాదు. పైవాని ప్రాణం వాని చేతిలోనే ఉంటుంది. తాళ్లెక్కే మన గౌడన్న మోకును కాపాడే ఘర్షణ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. మా ఫిజిక్సు పుస్తకంలో ఈ ఉదాహరణ ఎందుకు లేదో!

ఇక ఉద్యోగం సంగతి. డార్జిలింగ్‌లో 1954లోనూ, ఉత్తరకాశిలో 1965లోనూ వెలసిన పర్వతారోహణ సంస్థల్లో 28 రోజుల బేసిక్ కోర్సు ఉంది. అందులో 'ఏ' గ్రేడు వస్తే అడ్వాన్స్ కోర్సు, అందులోనూ 'ఏ' వస్తే శిక్షకుల కోర్సు. అప్పుడే పిల్లల ప్రాణాలు మనకు అప్పజెప్పడం న్యాయం. చిక్కల్లా ఒకటే: వేసవి రెండు నెలలే. మిగతా కాలం బడుల వారాంతపు శిబిరాలు, ట్రెక్కింగులు వెతుక్కోవాలి.

వానకాలంలో బండ జారుతుంది, ఎక్కుడు బందు. సరిగ్గా అప్పుడే మా చేన్ల పత్తి విత్తాలె.

ఈ మాట చెప్పిన్నాడు నాయన నాగలి కర్రు చూసుకుంటూ, "అట్లయితే సూద్దాం" అన్నడు.